మామగారి గులాబీ తూటాలు

వరండా మెట్టు బాగుచేస్తున్నానని భార్యతో అబద్ధమాడినందుకు వెండెల్ హాల్వర్సన్‌కి జరిగిన మొదటి నష్టం, వరండా మెట్టు నిజంగానే బాగుచెయ్యాల్సి రావడం. తరవాత జరిగిన వాటితో పోలిస్తే అదొక నష్టమే కాదు గానీ, మొదలైంది మాత్రం అక్కడే.

ఆ శనివారం అతను గరాజులో కొడుతున్న సుత్తికీ, వరండా మెట్టుకీ ఏ సంబంధమూ లేదు. అది గుండ్లు పీకే సుత్తి. దాని తల బోలుగా ఉంటుంది. అందులో తూటా పెట్టి, మూత బిగించి, చెక్క దుంగ మీద ఠపీమని కొడితే ఆ అదురుకి గుండూ, దాని వెనకున్న మందూ ఊడి సుత్తి కడుపులో పడతాయి. ఖాళీ ఇత్తడి గొట్టం పైన మిగులుతుంది. కొన్ని తూటాలు ఒక్క దెబ్బకే లొంగుతాయి, కొన్ని మొండికేస్తాయి. మోంటానాలో సొంతంగా తూటాలు కట్టుకునే ప్రతివాడి ఇంట్లోనూ ఈ సుత్తి ఉంటుంది. ఉందని మాత్రం ఎవడూ చెప్పుకోడు, ఎందుకంటే చేసిన తప్పు దిద్దుకోవడానికి తప్ప అది ఇంకెందుకూ పనికిరాదు.

వెండెల్‌కి అది పెళ్ళిలో మామగారు టోర్వాల్డ్ ఇచ్చిన కానుక. "అల్లుడూ, నిన్ను చూస్తే నీకిది బాగా పనికొస్తుందనిపించింది" అన్నాడు పెద్దాయన, చర్చి మెట్ల మీద, అందరూ వింటుండగా.

ఆ మాట అబద్ధం చెయ్యడానికే వెండెల్ ఇన్నేళ్ళూ బతికాడు. వేట కాలం ముందు ఊరి షూటింగ్ క్లబ్బులో ఏటా ఉపన్యాసం ఇచ్చేది అతనే. ఉపన్యాసమంతా ఒకటే ముక్క. "తూటాలు కట్టేటప్పుడు బల్ల మీద మందు డబ్బా ఒక్కటే ఉండాలి. రెండోది బీరువాలో ఉండాలి. రెండో డబ్బా బల్ల మీద కనబడిందంటే మీ శవపేటికకి కొలతలిచ్చుకోండి." ఈ ముక్క అతను పెళ్ళిళ్ళలో చెప్పాడు, థాంక్స్‌గివింగ్ పండగనాడు టర్కీ కోడి కోస్తూ చెప్పాడు, పళ్ళ డాక్టరు నోట్లోంచి చెయ్యి తియ్యగానే ఆయనకీ చెప్పాడు. ఊళ్ళో అందరూ అతన్ని ఒక్కడబ్బా వెండెల్ అంటారు.

ఒక్కడబ్బా వెండెల్ బల్ల మీద ఆ ఉదయం రెండు డబ్బాలున్నాయి. రెంటికీ మూతలు తీసున్నాయి.

అంతా, తూటాలు కడుతుండగా మధ్యలో బావమరిది లైల్ చేసిన ఫోన్ వల్ల వచ్చింది. టైర్ల గురించి లైల్ చెప్పింది విని, వాడు చెప్పనిది కూడా విని, తిరిగొచ్చి చూసుకుంటే ఏ డబ్బాలోంచి పోశాడో గుర్తులేదు. ఆ రెండు మందులూ చూడ్డానికి ఒకేలా ఉండే నల్లటి పలుకులు. ఒకటి నిదానంగా మండేది, రెండోది చురుకైనది. తప్పుది పడిందంటే తుపాకీ ఎదుటి జంతువు మీద కాదు, పేల్చినవాడి మొహం మీదే పేలుతుంది. అందుకని ఆ సీజను కోసం కట్టిన తూటాలన్నీ విప్పాల్సిందే. విప్పుతున్నట్టు ఆర్డిస్‌కి తెలియకూడదు. ఆమెకి తెలిస్తే ఆమె తమ్ముడు లైల్‌కి తెలుస్తుంది, లైల్‌కి తెలిస్తే స్నోవీ కొండల్లో గొర్రెలకి కూడా తెలుస్తుంది.

"ఏమయ్యా, ఏంటా బాదుడు?" వంటింట్లోంచి ఆర్డిస్ కేకేసింది.

"మెట్టు! వరండా మెట్టు బాగుచేస్తున్నా!"

"మెట్టు వరండాలో ఉంటే చప్పుడు గరాజులోంచి వస్తోందేం?"

"చెక్క... చెక్కని ముందు ఇక్కడ దారికి తెచ్చుకోవాలి."

"చెక్కని దారికి తెస్తున్నావా! ఎన్ని శీతాకాలాల నుంచి మొత్తుకుంటున్నా, ఇవాళ కదిలావా మహానుభావా! ఎలాగూ సుత్తి చేతిలో ఉందిగా, కోళ్ళగూడు తలుపు కూడా చూడు."

"అలాగే."

"గేటు కూడా వేలాడుతోంది."

"అలాగేనే!"

"ఇంత మంచిగా ఒప్పుకుంటున్నావంటే ఏదో చేశావన్నమాట" అంటూ ఆర్డిస్ చర్చిలో లెఫ్సే రొట్టెలు చెయ్యడానికి వెళ్ళిపోయింది. వెండెల్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆ మాటకి సమాధానం అప్పుడే చెప్పేసి ఉంటే ఎంత బాగుండేదో అని అతను తరవాత ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు.

పని సగంలో ఉండగా కంకర మీద ట్రక్కు టైర్ల చప్పుడైంది. ఆర్డిస్ అప్పడాల కర్ర మర్చిపోయి వెనక్కొచ్చింది. వెండెల్ బల్ల మీద ఉన్నదంతా మోచేత్తో ఒక్క తోపు తోసి బకెట్లో పడేసి, పైన గుడ్డ కప్పి, చేతిలో ఒక మేకు పట్టుకుని దాని వంక శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాడు.

"మేకుతో మాట్లాడుతున్నావా?" అంది ఆర్డిస్, కిటికీలోంచి తొంగిచూసి.

"పొడవు చూస్తున్నా."

"సరే, అది ఒప్పుకుంటే నాకు చెప్పు" అని అప్పడాల కర్ర తీసుకుని వెళ్ళిపోయింది.

తరవాత వెండెల్ బకెట్లో చెయ్యి పెట్టడం, చూడకుండానే తూటా తియ్యడం, సుత్తిలో బిగించడం, బాదడం. చర్చిలో పాడే పాట ఒకటి కూనిరాగం తీస్తూ, దాని తాళానికి తగ్గట్టు బాదాడు. ఊడిన మందంతా ఒకే పళ్ళెంలో పోశాడు. నమ్మకం లేని మందుని మళ్ళీ వాడకూడదు కాబట్టి, ఊళ్ళో అందరూ చేసినట్టే, తీసుకెళ్ళి కంచె పక్కన రూబార్బ్ మొక్కల మొదట్లో చల్లేశాడు. ఆ పుల్లటి ఎర్ర కాడలకి అది మంచి ఎరువు. గాలికి కాస్త పోయింది, మిగతాది మట్టిలో కలిసింది. చేతులు దులుపుకుని, ఎవరికంటా పడకుండా గండం గడిచిందని సంబరపడుతూ వచ్చి, ఖాళీ గొట్టాలు ఏరడానికి కూర్చున్నాడు.

ఒక గొట్టం అడుగున గులాబీ రంగు చుక్క కనబడింది.

ఇంకోదాని అడుగునా ఉంది. మరోదాని అడుగునా ఉంది. బల్ల మూల ఎప్పుడూ ఉండే మామగారు టోర్వాల్డ్ పొగాకు డబ్బా, బకెట్లో గుడ్డ కింద మూత ఊడి బోర్లా పడి ఉంది.

ఆ గులాబీ చుక్క సంగతి ఆ ఇంట్లో కోళ్ళకి కూడా తెలుసు. ఆర్డిస్ పడుచుపిల్లగా ఉన్న రోజుల్లో టోర్వాల్డ్ కూతురి గోళ్ళరంగు ఎత్తుకొచ్చి, తూటా అడుగున ఒక చుక్కా, గుండు దిగిన మెడ చుట్టూ ఒక గీతా పూసేవాడు, మంచునీళ్ళు లోపలికి దిగకుండా. "నాన్నా, నా సీసా!" అని ఆమె అరిచేది. "నీ గోళ్ళు తడిస్తే ఏం కాదు, నా మందు తడిస్తే మనకి చలికాలం మాంసం ఉండదు" అనేవాడు ఆయన. ఎంత మందు పోస్తాడో చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయాక ఆ పొగాకు డబ్బా, ఆయన తుపాకీ ఆర్డిస్‌కి వచ్చాయి. ఏటా సీజనుకి ఆమె అందులోంచి ఒక్కటే తూటా తీస్తుంది. ఒక్కటే గుండు, ఒక్కటే ఎల్క్ దుప్పి, చలికాలమంతా ఫ్రీజరు నిండా మాంసం. పేల్చాక వెచ్చగా ఉన్న ఖాళీ గొట్టాన్ని చెంపకి ఆనించుకుని, "థాంక్స్ నాన్నా" అంటుంది. అవి తరిగి తరిగి గుప్పెడు మిగిలాయి. "ఇవి అయిపోయిన్నాడు తుపాకీ గోడకి తగిలించేస్తా" అని ఎప్పుడో చెప్పింది.

ఆ గుప్పెడు తూటాల మందూ ఇప్పుడు రూబార్బ్ మొదట్లో ఉంది. మామగారు తన చేత్తో తూచి పోసిన మందు, మామగారిచ్చిన సుత్తితోనే, పాట పాడుకుంటూ పీకి పారబోశాడు. వెండెల్‌కి ఏడుపొచ్చింది. మనసారా ఏడ్చాడు కూడా. ఏడ్చి, లేచి, పరుగెత్తుకెళ్ళి రూబార్బ్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మట్టిలోంచి నల్ల పలుకులు ఏరడం మొదలుపెట్టాడు. మట్టిపలుకేదో మందుపలుకేదో కూడా తెలియడం లేదు, ఇక అందులో మామగారిదేదో ఎలా తెలుస్తుంది?

"ఇప్పుడేం చేస్తున్నావ్?" ఆర్డిస్ ఎప్పుడొచ్చిందో, వెనకే నిలబడి ఉంది.

"కలుపు తీస్తున్నా."

"మంచు పడబోతుంటే కలుపేంటి?"

"వచ్చే ఏటి కలుపు. ముందుగానే..."

ఆర్డిస్ అతన్నీ, మట్టిచేతులనీ, ఎర్రబడిన కళ్ళనీ చూసింది. "లోపలికి రా, కాఫీ పెడతా" అని మాత్రం అంది. ఆ గొంతులో ఉన్న మెత్తదనం చూసైనా చెప్పేసి ఉండాల్సింది. వెండెల్ చెప్పలేదు. అప్పటికే అతని బుర్రలో ఇంకో పథకం మొలకెత్తింది.

పథకం ఏమిటంటే, గొట్టాలు అవే, గుండ్లు అవే, అడుగున గులాబీ చుక్క చెక్కుచెదరలేదు. లోపల మందు పోసి మళ్ళీ బిగిస్తే ఎవరు పోల్చుకోగలరు? పోశాడు. ఈసారి బల్ల మీద ఒక్క డబ్బాయే పెట్టుకుని, బీరువాకి తాళం వేసి మరీ పోశాడు. అన్నీ పొగాకు డబ్బాలో సర్దాడు. ఒక్కటే లోపం. గుండు పీకినప్పుడు మెడ చుట్టూ ఉన్న గులాబీ గీత రాలిపోయింది.

అలా వెండెల్ హాల్వర్సన్ జీవితంలో మొదటిసారి గోళ్ళరంగు కొనడానికి బయల్దేరాడు.

మందుల షాపులో వెర్లా అనే ఆవిడ ఉంటుంది. ఆర్డిస్‌తో కలిసి లెఫ్సే చేస్తుంది, విన్న ఏ కబురూ తన దగ్గరే దాచుకోదు. వెండెల్ గోళ్ళరంగుల ముందు నిలబడి, జేబులోంచి ఒక గులాబీ చుక్క తూటా తీసి వేళ్ళ మధ్య దాచి, ఒక్కో సీసా పక్కనా పెట్టి పోల్చి చూస్తున్నాడు.

"ఏం కావాలి వెండెల్?"

"గులాబీ."

"ఎవరికి? ఆర్డిస్ గోళ్ళరంగు వేసుకోగా నేను చూడలేదే!"

ఆర్డిస్‌కని చెప్తే ఆర్డిస్‌కి చేరుతుంది. వెండెల్ గాభరాలో, "నాకే" అన్నాడు.

వెర్లా అతని చేతుల వైపు చూసింది. ట్రాక్టరు గ్రీజు పట్టిన ఆ గోళ్ళని చాలాసేపు జాలిగా చూసింది. "మరీ లేత రంగు నీకు నప్పదు. ఎరుపు తీసుకో" అంది.

"కాదు, పాత రకం గులాబీ కావాలి. మన చిన్నప్పటిది."

"చిన్నప్పట్నుంచీ ఉందా నీకు ఈ కోరిక?"

సరిగ్గా అప్పుడే లైల్ దగ్గు మందు కోసం లోపలికొచ్చాడు. బావ చేతిలో సీసా చూశాడు, బావ మొహం చూశాడు. దగ్గు ఆగిపోయింది. "బావా..." అన్నాడు.

"రేయ్, ఇది తుపాకీ కోసంరా."

"తుపాకీకి గోళ్ళెక్కడున్నాయి బావా?"

వెండెల్ ఏమీ కొనకుండా బయటికొచ్చి ట్రక్కెక్కి, సందు చివరిదాకా తలుపు వేసుకోకుండానే వెళ్ళిపోయాడు. ఏ సీసా రంగూ కలవలేదు. టోర్వాల్డ్ వాడిన రంగు లోకంలోంచే మాయమైనట్టుంది.

ఆ సాయంత్రం గడ్డం గీసుకుందామని బాత్‌రూమ్ అలమర తెరిస్తే, బ్లేడు పెట్టె పక్కనే, కళ్ళెదురుగా ఒక పాత సీసా కనబడింది. లోపల సగానికి పైగా గడ్డకట్టిన గోళ్ళరంగు. అచ్చం అదే గులాబీ. వెండెల్ అద్దంలో తన మొహం చూసుకుని, దేవుడున్నాడని తల ఊపాడు. ఇంతకాలం కళ్ళకి ఆననిది ఇవాళే ఎలా ఆనిందని అతనికి అనుమానం రాలేదు. అనుమానం రావాల్సిన చోట రాకపోవడం అతనికి మొదట్నుంచీ ఉన్న జబ్బే. వేణ్ణీళ్ళలో పెట్టి రంగు కరిగించి, అన్ని మెడల చుట్టూ గీతలు గీశాడు. ఒకటి జారితే బొటనవేలికి కూడా పూసుకున్నాడు.

రాత్రి భోజనం దగ్గర, బంగాళాదుంపల హాట్‌డిష్ వడ్డిస్తూ ఆర్డిస్ ఆ వేలు చూసింది.

"ఏంటది?"

"సుత్తి దెబ్బ."

"దెబ్బ తళతళా మెరుస్తోందే?"

"కొత్త దెబ్బ."

ఆర్డిస్ గరిటె కింద పెట్టింది. ఎదురుగా కూర్చుంది. "వెండెల్, నాకేమన్నా చెప్పాలా?" అని అడిగింది. వేళాకోళం లేదు, కోపం లేదు. పెళ్ళైన కొత్తలో అడిగినట్టు అడిగింది.

వెండెల్ నోరు తెరిచాడు. ఆ గుప్పెడు తూటాలూ, ఆ ఖాళీ గొట్టాన్ని ఆమె చెంపకి ఆనించుకోవడం కళ్ళముందు మెదిలాయి. "మెట్టు అయిపోయింది" అన్నాడు.

"మంచిది" అని ఆమె లేచి ప్లేట్లు తీసింది.

సీజను మొదలైన తెల్లవారున ఇద్దరూ స్నోవీ కొండల పాదాల దగ్గర, పడిపోయిన పైన్ దుంగ వెనక కూర్చున్నారు. మోకాలి కింద మంచు కరకరలాడుతోంది. ఆర్డిస్ తండ్రి తుపాకీ తెరిచి, కోటు జేబులోంచి ఒక్క తూటా తీసి పెట్టింది. అడుగున గులాబీ చుక్క. తను కట్టిన తూటా ఆమె మొహం మీద పేలిపోతుందని కాదు వెండెల్ భయం. అది నిక్షేపంగా పేలుతుంది. ఆ తరవాతే ఉంది. ఆమె గొట్టాన్ని చెంపకి ఆనించుకుని, తన గరాజులో నిన్నగాక మొన్న పోసిన మందుకి "థాంక్స్ నాన్నా" అంటుంది. అది వినాలి. ఈ ఏడు వినాలి, మళ్ళీ ఏడు వినాలి, డబ్బా ఖాళీ అయ్యేదాకా ఏటా వినాలి.

చెట్ల మధ్య నుంచి ఎల్క్ దుప్పి బయటికొచ్చింది. ఫ్రీజరు పట్టనంత దుప్పి. కొమ్ములు విదిలించి, పక్కకి తిరిగి, ఫోటోకి నిలబడ్డట్టు నిలబడింది. ఆర్డిస్ తుపాకీ బుజానికి ఆనించింది. ఊపిరి బిగబట్టింది. వేలు వంచింది.

"ఆగవే! అది మీ నాన్నది కాదు!"

ఆ కేక ఎదుటి కొండకి తగిలి వెనక్కొచ్చింది. దుప్పి గాల్లోకి ఎగిరి చెట్లలో పడి మాయమైంది. దాని వెనక, అప్పటిదాకా కనబడని మంద మొత్తం పొదలు విరగ్గొట్టుకుంటూ లేచిపోయింది. పక్క గుట్ట మీద కాపు కాసిన లైల్, "ఎవడ్రా ఆ వెధవ!" అని అరవడం స్పష్టంగా వినబడింది.

ఆర్డిస్ తుపాకీ మెల్లగా దించింది. ఇటు తిరగలేదు. వెండెల్ ఒక్క గుక్కలో అంతా కక్కేశాడు. రెండు డబ్బాలు, లైల్ ఫోను, బకెట్, సుత్తి, పాట, అన్నీ. చెప్తూ చెప్తూ ఏడ్చాడు. "నేనే పీకేశానే. మీ నాన్న చేతివి, ఒక్కటీ మిగల్లేదు" అన్నాడు.

"ఇది మా నాన్నదే" అంది ఆర్డిస్.

తుపాకీ తెరిచి ఆ తూటా అరచేతిలో పెట్టుకుని చూపించింది. మెడ చుట్టూ గులాబీ గీత వెలిసిపోయి, వెంట్రుకంత బీటలు తీసి ఉంది. "సీజను ముందు శనివారం పొద్దున్నే ఒకటి తీసి కోటు జేబులో వేసుకుంటా. నాన్న పోయిన దగ్గర్నుంచీ అంతే. నువ్వు సుత్తి పట్టుకునేటప్పటికే ఇది నా దగ్గరుంది. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా గమనించావా?"

వెండెల్ గమనించలేదు. డబ్బాల గురించి ఊరంతటికీ చెప్పినవాడు, ఇంట్లో ఈ డబ్బా ఎప్పుడు తెరుచుకుంటుందో చూసుకోలేదు.

"మరి నీకెప్పుడు తెలిసింది?"

"వెర్లా ఫోన్ చేసింది. నువ్వు చిన్నప్పట్నుంచీ గోళ్ళరంగు మీద మనసు పడ్డావనీ, నేను పెద్ద మనసు చేసుకోవాలనీ చెప్పింది. ఫోన్ పెట్టేసి నాన్న డబ్బా తెరిచి చూశా. అన్నీ బోసి మెడలు. ఆ పాత సీసా నా నగలపెట్టె అడుగున ఉండేది. తీసి నీ బ్లేడ్ల పక్కన పెట్టింది నేనే."

"ఎందుకే?"

"అది చూస్తే నీకు సిగ్గేసి చెప్తావనుకున్నా. నువ్వు పూసుకున్నావ్. భోజనం దగ్గర అడిగా, మెట్టు అన్నావ్. ఇందాక ట్రక్కులో దారంతా చూశా, రేడియో పెట్టావ్. చెప్పి చెప్పి ఎప్పుడు చెప్పావయ్యా, ఎల్క్ ఎదురుగా నిలబడి తల ఊపుతుంటే చెప్పావు!"

"అంటే అదొక్కటే మిగిలిందా?"

"ఇదొక్కటే. ఇవాళ ఇది కాల్చేసి, తుపాకీ గోడకి తగిలించేద్దామని వచ్చా." ఆర్డిస్ తూటా వేళ్ళతో తుడిచి జేబులో వేసుకుంది. "నువ్వు కాల్చనివ్వలేదుగా."

దానికి సంతోషించాలో ఏడవాలో వెండెల్‌కి తెలియలేదు. క్షమించమని అడిగాడు. ఆమె ఇంకోటి అడిగింది.

"నాన్న మందు ఎక్కడ పోశావ్?"

"రూబార్బ్ మొక్కల్లో."

ఆర్డిస్ అతని వైపు తిరిగింది. "మా నాన్నకి రూబార్బ్ అంటే అసహ్యం" అంది. అని నవ్వింది. దుంగని పట్టుకుని, బుజాలు ఊగేలా నవ్వింది. ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆ నవ్వు ఏడుపైంది. వెండెల్ పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చెయ్యి తొయ్యలేదు, అంతకంటే ఎక్కువ అడిగే మొహం అతనికి లేదు.

ఆ సీజనంతా వెండెల్ తను కట్టిన గులాబీ తూటాలే వాడాలని ఆర్డిస్ తీర్పు చెప్పింది. క్లబ్బు వాళ్ళందరి ముందూ అవి ఒక్కొక్కటే తీసి పెట్టుకున్నాడు, ఒక్కొక్కటే గురి తప్పాడు. ఆ చలికాలం ఇద్దరూ కొనుక్కున్న కోడిమాంసం తిన్నారు. ఊళ్ళో ఒక్కడబ్బా వెండెల్ అనే పేరు ఎవరూ తలవడం లేదు. గోళ్ళ వెండెల్ అంటున్నారు.

జూన్ వచ్చేసరికి కంచె పక్కన రూబార్బ్ గొడుగులంత ఆకులతో, మణికట్టంత కాడలతో లేచింది. ఊళ్ళో అలాంటి రూబార్బ్ ఎవరూ చూడలేదు. ఆర్డిస్ కాడలు కోసుకొచ్చి, పిండిలో పెట్టి కాల్చి 'పై' చేసింది. వేడివేడిగా బల్ల మీద పెట్టి, తను ఒక చిన్న ముక్క తీసుకుంది. కిటికీలోంచి కంచె వైపు చూస్తూ మెల్లగా నమిలింది.

"నాన్న ఉంటే దీన్ని తీసుకెళ్ళి కోళ్ళకి పడేసేవాడు" అంది.

వెండెల్ ముందు పెట్టిన ముక్క సగం పళ్ళెం ఉంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటే చెవులదాకా పులుపెక్కింది. కళ్ళు మూసుకుని మింగి, చాలా బాగుందన్నాడు.

"మళ్ళీ మొదలుపెట్టావా?" అంది ఆర్డిస్. "నీకూ రూబార్బ్ పడదని పెళ్ళినాడే తెలుసు నాకు. అందుకే పెద్ద ముక్క వేశా."

వెండెల్ పళ్ళెం దగ్గరికి లాక్కుని, మామగారి మందు చివరి ముక్కదాకా తిన్నాడు.